శాలిహుండం కొండపై శిథిల చైత్యాలు: కళింగ తీరంలో తారాదేవి చివరి నెలవు

వంశధార నది బంగాళాఖాతంలో కలిసే కళింగపట్నానికి సుమారు 5 కిలోమీటర్లు పడమరగా, నదికి దక్షిణపు ఒడ్డున, శాలిహుండం కొండ ఉంది. శ్రీకాకుళం పట్టణానికి ఇది సుమారు 18 కిలోమీటర్ల దూరం. గార మండలానికి చెందిన ఈ గ్రామాన్ని ఆనుకుని ఉన్న కొండపైకి రాళ్లు పరచిన దారి వెళుతుంది. దారికి అటూ ఇటూ, కొండ నెత్తిన, ఇటుకలతో కట్టిన స్తూపాలు, చైత్యగృహాలు, చిన్న చిన్న గుడుల పునాదులు శిథిలావస్థలో కనిపిస్తాయి. పైకి చేరినవారికి ఒకవైపు మెలికలు తిరిగిన నది, దాని వెంట వరిచేలు, తూర్పున దూరంగా సముద్రపు గీత దర్శనమిస్తాయి.

ఈ కొండను గురించి జిల్లాలో ఎవరిని అడిగినా ‘అశోకుని కాలం నాటిది’ అన్న సమాధానమే వస్తుంది. అది పూర్తిగా తప్పు కాకపోయినా కొండ చరిత్రలో సగమే. శాలిహుండం ప్రత్యేకత దాని ప్రాచీనతలో కంటే దాని దీర్ఘాయుష్షులో ఉంది. ఆంధ్రతీరంలోని బౌద్ధారామాలు అనేకం క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటికే వెలవెలబోగా, ఈ కొండ మీది ఆరాధన మధ్యయుగం దాకా, సుమారు 12వ శతాబ్దం వరకు, సాగినట్లు ఇక్కడి కట్టడాలు, శిల్పాలు సాక్ష్యమిస్తున్నాయి. ముఖలింగంలో మధుకేశ్వరుడు, శ్రీకూర్మంలో కూర్మనాథుడు పూజలందుకుంటున్న కాలంలో, అదే సీమలో, తారాదేవికీ మారీచికీ కూడా చోటుండేది.

పేరు వెనుక రెండు కథలు

శాలిహుండం అన్న పేరుకు రెండు వివరణలు ప్రచారంలో ఉన్నాయి. ‘శాలివాటిక’ అనే మాట నుంచి వచ్చిందనేది మొదటిది. శాలి అంటే వరి. వంశధార దిగువ పల్లపు నేలల్లో పండే ధాన్యాన్ని చూసినవారికి ఈ వివరణ సహజంగానే తోస్తుంది. ‘శల్యపేటిక’ నుంచి వచ్చిందనేది రెండోది. శల్యమంటే ఎముక, బుద్ధుని లేదా పూజ్యులైన భిక్షువుల అస్థి అవశేషాలను పెట్టెలో భద్రపరచిన చోటు అని దాని భావం. కొండ మీది స్తూపాలలో ధాతుపేటికలు బయటపడినందున ఈ రెండో వివరణకు ఆదరణ ఎక్కువ. ఊరి పేర్లకు సంస్కృత మూలాలు వెతకడం మన పండితులకు కొత్తేమీ కాదు. వరి పండే ఊరు కావడం, ధాతువులున్న కొండ కావడం రెండూ నిజమే కనుక, వాటిలో ఒకదానిని ఎంచుకోవలసిన తొందర లేదు.

కొండను లోకానికి చూపిన గిడుగు

ఈ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన పండితునిగా ఆయన తెలుగు ప్రజలందరికీ పరిచితులే. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఆయనలోని చరిత్ర పరిశోధకుడు మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు.

1863లో ముఖలింగానికి చేరువలోని పర్వతాలపేటలో జన్మించిన రామమూర్తి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా చరిత్ర బోధిస్తూ, ముఖలింగం ఆలయ గోడల మీది శాసనాలను ఎవరి సాయమూ లేకుండా చదవడం నేర్చుకున్నారు. ప్రాచీన లిపుల పరిజ్ఞానం అలా అబ్బింది. వంశధార ఒడ్డున పుట్టి, ఆ నది ఎగువన ఉన్న శాసనాలను చదివిన మనిషే దిగువన ఉన్న ఇటుక దిబ్బలను గుర్తించడం కేవలం కాకతాళీయం అనిపించదు. ఆయన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజాన్ని నెలకొల్పి, ‘తెలుగు’ మాసపత్రికను ప్రారంభించినది కూడా 1919లోనే. వాడుక భాషకు మర్యాద సంపాదించే పోరాటం పతాక స్థాయిలో ఉన్న ఏడాదిలోనే ఆయన చూపు ఈ కొండ మీదా పడింది.

తరువాతి దశాబ్దాలలో పురావస్తు శాఖ ఇక్కడ దఫదఫాలుగా తవ్వకాలు జరిపింది. 1950 దశకం చివరి నుంచి పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో సాగిన తవ్వకాలు వీటిలో ముఖ్యమైనవి. ఆయన రచించిన నివేదికను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964లో ప్రచురించింది. శాలిహుండం గురించి నేటికీ మాట్లాడేవారు, రాసేవారు ఆధారపడేది ప్రధానంగా ఈ నివేదిక మీదనే.

కొండ మీద ఏముంది?

బౌద్ధ క్షేత్రాలలో వినిపించే మాటలు కొన్ని సామాన్య పాఠకుడిని తికమక పెడతాయి. బుద్ధుని లేదా భిక్షువుల అవశేషాల మీద గాని, వారి స్మారకంగా గాని కట్టిన గుండ్రని దిబ్బ వంటి కట్టడం స్తూపం. పూజనీయమైన ఆ స్తూపాన్నే చైత్యమని కూడా అంటారు. స్తూపాన్ని లేదా విగ్రహాన్ని లోపల ఉంచి, చుట్టూ గోడలు కట్టి, పైకప్పు వేస్తే అది చైత్యగృహం, అనగా ప్రార్థనా మందిరం. భిక్షువులు నివసించే గదుల సముదాయం విహారం. ఇవన్నీ ఒక చోట చేరితే సంఘారామం.

శాలిహుండంలో చైత్యగృహాలు రెండు రకాలుగా కనిపిస్తాయి. వెనుక గోడ అర్ధచంద్రాకారంగా వంగి, ముందు భాగం చతురస్రంగా ఉండేది ఒకటి. ఏనుగు వెనుక భాగాన్ని పోలి ఉన్నందున దీనిని గజపృష్ఠాకారం అంటారు. గోడ పూర్తిగా గుండ్రంగా ఉండి, నడుమ స్తూపం నిలిచే వృత్తాకార చైత్యగృహం రెండోది. లోపల ప్రదక్షిణకు ఇరుకైన దారి ఉంటుంది. మందిరంలోకి ఒకేసారి పెద్ద జనసమూహం పట్టే వీలు లేదు. కొద్దిమంది భిక్షువులు, ఇద్దరు ముగ్గురు యాత్రికులు దీపం వెలుగులో చుట్టి వచ్చేందుకు తగినట్లు కట్టిన గుడులివి.

ఇక్కడి స్తూపాలలో ఒకదాని పునాది బండి చక్రం ఆకారంలో ఉంది. నడుమ కుంభి, దాని నుంచి బయటి అంచుకు ఆకుల వలె అడ్డగోడలు, వాటి మధ్య ఖాళీలలో మట్టి నింపడం ఈ నిర్మాణంలోని పద్ధతి. నాగార్జునకొండలోనూ ఇటువంటి చక్రాకార స్తూపాలు వెలుగుచూశాయి. ధర్మచక్రానికి ప్రతీకగా ఇలా కట్టారని చెప్పడం పరిపాటి. అది నిజమే కావచ్చు. అయితే తాపీ పనివానికి అందులో మరో సుఖం కూడా ఉంది. మొత్తం దిబ్బను ఇటుకతో నింపనవసరం లేదు. ఇటుక ఖర్చు తగ్గుతుంది. లోపలి మట్టి బరువును అడ్డగోడలు పంచుకుంటాయి కనుక బయటి గోడ పగలదు. కొండ మీదికి ప్రతి ఇటుకనూ మనుషులే మోసుకు రావలసిన చోట ఇది చిన్న విషయం కాదు.

ధాతుపేటికలను స్తూపం గర్భంలో నిక్షేపించడం ఆంధ్రదేశమంతటా ఉన్న ఆచారమే. గుంటూరు సీమలోని భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే వెలికి తీసిన స్ఫటిక పేటిక వీటిలో ప్రసిద్ధమైనది. శాలిహుండం పేటికలు ఆ సంప్రదాయం కళింగ తీరం దాకా విస్తరించిందనడానికి నిదర్శనాలు.

కుండపెంకులు చెప్పిన సంగతులు

స్తూపాల కంటే కుండపెంకులే కొన్నిసార్లు ఎక్కువ చెబుతాయి. ఈ కొండ మీద బ్రాహ్మీ అక్షరాలు గీసిన పెంకులతో పాటు, పురావస్తు శాస్త్రజ్ఞులు ‘రౌలెటెడ్ వేర్’ అని పిలిచే నాణ్యమైన పళ్లేల ముక్కలు లభించాయి. పళ్లెం లోపలి అడుగున సన్నని గాట్లు వరుస వరుసలుగా, వలయాలుగా ఉండటం వీటి గుర్తు. 1945లో పుదుచ్చేరి సమీపంలోని అరికమేడులో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపిన తరువాత, ఇవి రోమన్ వర్తకులు తెచ్చిన పాత్రలని చాలాకాలం భావించారు. మట్టిని పరీక్షించిన తరువాతి పరిశోధనలు వీటిని భారతదేశంలోనే తయారుచేశారని తేల్చాయి. కనుక శాలిహుండంలో ఈ పెంకు దొరికితే రోమన్ వర్తకుడు కొండ ఎక్కాడని అర్థం కాదు. గంగా ముఖద్వారం నుంచి తమిళ తీరం దాకా రేవు నుంచి రేవుకు తిరిగే తీరవర్తకం ఉండేదని, ఆ దారిలో కళింగపట్నం కూడా ఉండేదని అర్థం. పాత పుస్తకాలలోని రోమన్ కథను ఇంకా వల్లించేవారు ఈ మార్పును గమనించాలి.

క్రీ.శ. 2వ శతాబ్దపు భౌగోళిక శాస్త్రవేత్త టోలమీ, తూర్పు తీరంలో ఒక చోటి నుంచి ఓడలు ఒడ్డును వీడి స్వర్ణభూమి వైపు సాగుతాయని రాశాడు. ఆ చోటును శ్రీకాకుళం తీరాన గుర్తించిన పండితులున్నారు. మలయా ప్రాంతంలో భారతీయులకు ‘క్లింగ్’ అనే పేరు కళింగ శబ్దం నుంచే వచ్చిందన్నది మాత్రం అందరూ అంగీకరించిన మాట.

కొండ మీది తెల్లని సున్నపు పూత వేసిన స్తూపాలు సముద్రం మీది నావికులకు దారి గురుతులుగా ఉపయోగపడి ఉంటాయని కొందరంటారు. విశాఖ - భీమిలి తీరంలోని తొట్లకొండ, బావికొండ, పావురాలకొండలు కూడా ఇలాగే సముద్రాన్ని చూస్తూ నిలిచాయి. వర్షాకాలంలో మూడు నెలలు భిక్షువులు ఒకే చోట ఉండాలన్న నియమం ఉంది. గాలి అనుకూలించే దాకా వర్తకులూ రేవులోనే ఆగాలి. ఇద్దరూ ఆగే కాలం కొంత కలుస్తుంది. దానమిచ్చేవారూ, దానం పుచ్చుకొనేవారూ ఒకరికొకరు అందుబాటులో ఉండే ఏర్పాటు ఇది.

యువాన్ చ్వాంగ్ చూసిన కళింగం

7వ శతాబ్దం పూర్వార్ధంలో చైనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్ కళింగ దేశానికి వచ్చాడు. ఆయన లెక్క ప్రకారం ఇక్కడ సుమారు 10 సంఘారామాలు, వాటిలో 500 మంది వరకు భిక్షువులు ఉన్నారు. దేవాలయాలు 100 దాకా ఉన్నాయి. ఇతర మతస్థులలో జైన నిర్గ్రంథులు ఎక్కువ. రాజధానికి దక్షిణాన అశోకుడు కట్టించినదని చెప్పే 100 అడుగుల స్తూపం ఉందని కూడా ఆయన పేర్కొన్నాడు. దానిని శాలిహుండంతో ముడిపెట్టాలన్న ఆశ జిల్లావాసులకు కలగడం సహజమే గాని, యాత్రికుడు ఊరి పేరు చెప్పలేదు.

ఆ అంకెలలోని అర్థమే ముఖ్యం. 10 ఆరామాలకు 500 మంది అంటే సగటున ఒక్కో ఆరామానికి 50 మంది. అప్పటికే బౌద్ధం ఇక్కడ అల్పసంఖ్యాకుల మతం. కృష్ణాతీరంలో ఇక్ష్వాకుల పతనంతో 4వ శతాబ్దంలో నాగార్జునకొండ వైభవం ముగిసింది. తొట్లకొండ, బావికొండల ప్రధాన దశ అంతకు ముందే గడిచింది. ఇంతటి క్షీణత నడుమ శాలిహుండం మరో నాలుగైదు శతాబ్దాలు నిలబడటమే ఆశ్చర్యం. నిలబడటమే కాదు, కాలానుగుణంగా రూపు మార్చుకుంది. మొదట స్తూపమే ఆరాధ్యంగా ఉన్న థేరవాదం, తరువాత బుద్ధ ప్రతిమలను, బోధిసత్త్వులను కొలిచే మహాయానం, చివరకు దేవతా మంత్రాలతో కూడిన వజ్రయానం - మూడు దశలకూ చెందిన ఆనవాళ్లు ఈ ఒక్క కొండ మీద ఉన్నాయి.

తార, మారీచి

వజ్రయాన దశకు చెందిన శిల్పాలలో తార, మారీచి ప్రతిమలు ప్రధానమైనవి. మారీచి అంటే కిరణాలు గల దేవత, ఉషస్సుకు అధిదేవత. శిల్పశాస్త్రాల ప్రకారం ఆమెకు మూడు ముఖాలు. వాటిలో ఒకటి వరాహముఖం. ఎనిమిది చేతులలో విల్లు, బాణం, సూది, దారం వంటి ఆయుధాలు, ఉపకరణాలు ధరిస్తుంది. సూదీ దారంతో దుష్టుల కళ్లు, నోళ్లు కుట్టివేస్తుందని నమ్మిక. ఆమె రథాన్ని ఏడు వరాహాలు లాగుతాయి. ఏడు గుర్రాల రథమెక్కిన సూర్యనారాయణునికి అరసవల్లిలో నిత్యం మొక్కే శ్రీకాకుళం ప్రజలకు ఈ రూపం పూర్తిగా పరాయిదిగా తోచదు.

తార సంగతి మరింత ఆసక్తికరం. తార అంటే దాటించేది. సింహం, ఏనుగు, అగ్ని, సర్పం, దొంగలు, చెరసాల, జలగండం, పిశాచం అనే ఎనిమిది మహాభయాల నుంచి భక్తులను కాపాడుతుందని బౌద్ధుల విశ్వాసం. జలగండమంటే ఓడ మునక. ఏటా వాయుగుండాలు విరుచుకుపడే తీరంలో, నది సముద్రంలో కలిసే చోట, రేవుకు ఎదురుగా ఉన్న కొండ మీద ఈ దేవతను ప్రతిష్ఠించడానికి వేరే కారణం వెతకనక్కరలేదు. ప్రయాణం కట్టే వర్తకుడు, అతని ఓడ నడిపే సరంగు ఆమెకు మొక్కుకొని ఉంటారనుకోవడంలో అతిశయోక్తి లేదు. నేటికీ ఈ తీరపు మత్స్యకారులు గంగమ్మకు మొక్కనిదే వేట ప్రారంభించరు.

‘శాలిహుండం నుంచే బౌద్ధం సుమాత్రా దీవులకు వ్యాపించింది’ అని పర్యాటక కరపత్రాలలో తరచు కనిపిస్తుంది. ఇంత సూటిగా చెప్పడం సరికాదు. ఒడిశాలోని రత్నగిరి, ఉదయగిరి, లలితగిరులలోనూ, బీహార్‌లోని నలందలోనూ, జావా, సుమాత్రాలలోనూ ఆ శతాబ్దాలలో ఇదే దేవతాగణం పూజలందుకుంది. నలందలో సువర్ణద్వీపపు రాజు బాలపుత్రదేవుడు ఒక విహారాన్ని కట్టించినట్లు, దానికి పాలరాజు దేవపాలుడు గ్రామాలను దానం చేసినట్లు 9వ శతాబ్దపు తామ్రశాసనం చెబుతున్నది. 11వ శతాబ్దంలో అతీశ దీపంకరుడు చదువు కోసం వంగదేశం నుంచి సువర్ణద్వీపానికే ఓడ ఎక్కి, 12 ఏళ్లు అక్కడి ఆచార్యుని వద్ద గడిపాడు. అంటే భిక్షువులు, విగ్రహాలు, గ్రంథాలు, ధనం సముద్రం మీద రెండు వైపులా ప్రయాణించాయి. శాలిహుండం ఆ దారిలోని ఒక మజిలీ. మూలస్థానం అనిపించుకోకపోయినా దాని గౌరవానికి వచ్చే లోటేమీ లేదు.

నదికి ఎగువన గంగరాజులు

5వ శతాబ్దం చివర తూర్పు గంగరాజుల శకం ఆరంభమైంది. వారి రాజధాని కళింగనగరం నేటి ముఖలింగమని చరిత్రకారులు నిర్ణయించారు. అది ఇదే వంశధార ఒడ్డున, శాలిహుండానికి ఎగువన ఉంది. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలతో అక్కడ శైవం రాజాదరణ పొందింది. గంగరాజులు మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుని భక్తులు. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు రాజ్యాన్ని ఉత్తరంగా విస్తరించి, అనంతరం రాజధానిని కటకానికి మార్చాడు. పూరీ జగన్నాథాలయ నిర్మాణాన్ని చేపట్టాడు. కళింగనగరం రాజధాని హోదా కోల్పోయింది. శాలిహుండం చివరి దశ ఆ కాలంతోనే కలుస్తుంది.

దగ్గరలోని శ్రీకూర్మంలో వైష్ణవం వేళ్లూనుకుంది. ద్వైతమత స్థాపకుడు మధ్వాచార్యుల శిష్యుడైన నరహరితీర్థులు గంగరాజ్యంలో ఉన్నత పదవిలో ఉండి, 1281లో అక్కడ యోగానంద నరసింహాలయాన్ని కట్టించినట్లు శాసనం ఉంది. శ్రీకూర్మం స్తంభాల మీది శాసనాలలో అఖండ దీపాలకు, నైవేద్యాలకు ఇచ్చిన దానాలు పుష్కలం. ఆవులు, భూములు, మాడలు ఏ దేవుని పేర రాసి ఇస్తున్నారో గమనిస్తే చాలు, ఆ సీమలో ప్రజల భక్తి ఎటు మళ్లిందో తెలుస్తుంది.

బౌద్ధ క్షేత్రం శిథిలమైందనగానే ఎవరో వచ్చి కూల్చారని ఊహించడం తేలిక. ఇటుక కట్టడం నశించడానికి శత్రువు అవసరం లేదు. ఉప్పుగాలి పూతను తింటుంది. పూత రాలిన చోట వాన నీరు దిగుతుంది. పక్షి వేసిన రావి గింజ మొలకెత్తి గోడను చీలుస్తుంది. ఏటా సున్నం వేయించి, మొక్కలు పెరికించే దాత ఉన్నంతకాలం కట్టడం ఉంటుంది. దాత మరో గుడికి వెళ్లినప్పుడు రెండు మూడు తరాలలో కప్పు కూలుతుంది. భిక్షువుకు సొంత ఇల్లూ, పొలమూ ఉండవు. ఊరి భిక్ష ఆగితే ఊరు వదలడమే మార్గం. ముఖలింగం రాతి గుడి కనుక, పూజ ఆగలేదు కనుక నిలిచింది.

ఆ చివరి శతాబ్దంలోనే సముద్రానికి ఆవల ఒక విశేషం జరిగింది. 1187 నుంచి 1196 వరకు శ్రీలంకను పొలన్నరువ నుంచి పాలించిన నిశ్శంకమల్లుడు, తాను కళింగంలోని సింహపురంలో జన్మించానని శాసనాలలో చాటుకున్నాడు. ఈ సింహపురం శాలిహుండానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని సింగుపురమేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. కాదని వాదించినవారూ ఉన్నారు. అదే నిజమైతే, ఇక్కడ బుద్ధుని దీపం కొడిగడుతున్న రోజులలోనే ఈ గడ్డ మీద పుట్టిన రాజు ఒకరు లంకలో బుద్ధుని దంతధాతువుకు మందిరం కట్టించాడన్నమాట.

విజయనగరం సీమలో

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం కొండలు ఈ చరిత్రకు మరో పార్శ్వం. గురుభక్తులకొండ మీద బౌద్ధ స్తూపం, చైత్యాలు, విహారాల శిథిలాలు ఉన్నాయి. బోధికొండ పేరులో బోధి ఉన్నా, అక్కడి శిల్పాలు జైన తీర్థంకరులవి. 11వ శతాబ్దం తొలినాళ్లలో వేంగిని పాలించిన విమలాదిత్యుని కాలపు శాసనం అక్కడ ఉంది. రాజరాజనరేంద్రుని తండ్రి అయిన ఈ రాజు జైన గురువును ఆదరించినట్లు దాని వల్ల తెలుస్తున్నది. కొండ దిగువన రామస్వామి ఆలయం నేటికీ భక్తులతో కళకళలాడుతుంటుంది. రామతీర్థంలో యాత్రికుల రాకపోకలు ఆగలేదు గనుక కొండల మీది శిథిలాలను జనం ఎంతో కొంత చూస్తూనే ఉన్నారు. శాలిహుండానికి ఆ అదృష్టం లేకపోయింది. పూజలందుకునే గుడి లేని కొండ కావడంతో, గిడుగు వారి కన్ను పడే వరకు అది పశువులు మేసే దిబ్బగానే మిగిలింది.

ఇటుకల తరలింపు కూడా ఆంధ్రదేశంలో స్తూపాలకు పట్టిన పెద్ద పీడ. భట్టిప్రోలు దిబ్బ ఇటుకలు 19వ శతాబ్దంలో రోడ్ల పనులకు తరలిపోయాయి. అమరావతి స్తూపం రాళ్లు 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుని కట్టడాల కోసం తవ్వకానికి గురయ్యాయి. ఈ రెండింటితో పోలిస్తే శాలిహుండం ఊరికి ఎత్తుగా, రోడ్డుకు ఎడంగా ఉండటం దానికి కలిసివచ్చింది.

చూసేవారు గమనించదగినవి

శాలిహుండం బౌద్ధ శిథిలాలు కేంద్ర పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత ప్రదేశం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త కట్టడాలు నిషిద్ధం. దాని ఆవల మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. కొండను ఆనుకుని ఊరు ఉన్న చోట ఈ నిబంధన రైతులకు, గృహస్థులకు ఇబ్బంది కలిగించే మాట వాస్తవం. అదే నిబంధన లేకుంటే క్వారీలు, లేఅవుట్లు ఎంత దూరం వస్తాయో తీరంలోని ఇతర కొండలను చూసినవారికి చెప్పనక్కరలేదు.

కొండ ఎక్కేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. తవ్వకాల తరువాత గోడల పైవరుసలు ఊడిపోకుండా కొత్త కట్టుబడి చేయడం ఆనవాయితీ. కనుక కంటికి కనిపించే ప్రతి ఇటుకా వెయ్యేళ్ల నాటిది కాదు. అడుగు వరుసలలోని పెద్ద పలక ఇటుకలు పాతవి. రెండోది, స్తూపాల గోడల మీదికి ఎక్కి ఫొటోలు దిగడం. మట్టి నింపిన కట్టడం కనుక ఒక ఇటుక కదిలితే వాన నీటికి దారి ఏర్పడుతుంది. ఇక్కడ లభించిన విగ్రహాలను భద్రపరచిన ప్రదర్శనశాలను కూడా చూస్తే తప్ప కొండ కథ పూర్తి కాదు. ముందుగా విగ్రహాలను చూసి ఆపై కొండ ఎక్కడం మేలు. ఖాళీ పునాదులలో ఒకప్పుడు ఎటువంటి మూర్తులు కొలువై ఉండేవో అప్పుడు ఊహకు అందుతుంది.

ఇలా చేరుకోవాలి

రైలులో వచ్చేవారు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగి, శ్రీకాకుళం పట్టణం చేరుకోవాలి. అక్కడి నుంచి గార మీదుగా శాలిహుండానికి రోడ్డు ఉంది. ఒకే రోజు ప్రయాణంలో అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం తీరం చూసి రావచ్చు. కొండ మీద నీడ తక్కువ. వేసవిలో ఉదయం పూటే ఎక్కడం మంచిది. మంచినీళ్లు వెంట తీసుకెళ్లాలి. వానాకాలంలో మెట్ల దారి రాళ్లు నాచు పట్టి జారుతాయి. ఆకాశం నిర్మలంగా ఉండే శీతకాలపు సాయంత్రాలలో కొండ మీది నుంచి వంశధార సాగర సంగమం స్పష్టంగా కనిపిస్తుంది.